మసితో తిరిగొచ్చిన కాలు

మా తమ్ముడి షెడ్డులో తయారైన నాలుగు కాళ్ళు ఒకరోజు నేలని విడిచి పైకి వెళ్ళి, మళ్ళీ నేలమీదే నిలబడ్డాయి. ఆ సంగతి రాయాలని ఎప్పట్నుంచో ఉంది. రాయబోయినప్పుడల్లా, ఆ నాలుగింటిలో ఒకదానికి నేను చేసిన పని గుర్తొచ్చి కలం ఆగిపోయేది. ఇప్పుడు రెండూ కలిపే రాస్తున్నాను.

షెడ్డు గాజువాక ఆటోనగర్‌లో ఉంది. పోర్టులో బొగ్గు మోసే బెల్టుల కింద స్టాండ్లు, ఓడలకి నిచ్చెనలు, మల్కాపురం వైపు ట్యాంకులకి రెయిలింగులు, ఇలాంటివి చేస్తారు. మా నాన్న గోదావరి జిల్లా నుంచి ఉక్కు కర్మాగారానికి ఫిట్టరుగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. సాయంత్రాలు కాలనీ భజన మందిరంలో పురాణం చెప్పేవారు. పక్కన కూర్చుని నేను శ్లోకం చదివితే ఆయన అర్థం చెప్పేవారు. ఆయన పోయాక ఆ పీట నాది అయింది. శనివారం భజన, ఏకాదశి పారాయణ ఇప్పటికీ నేనే నడుపుతాను. పగటిపూట తమ్ముడి షెడ్డులో స్టోరు చూస్తాను. ఏ రేకు ఎక్కడిది, ఏ అతుకు ఎవరు వేశారు, ఎవరు పరీక్షించారు అన్న కాగితాలన్నీ నా దగ్గరే ఉంటాయి.

అతుకులు వేసేవాడు భీమిలి మనిషి. తరతరాలుగా సముద్రంలో వేట చేసే కుటుంబం. చిన్నప్పుడే వెల్డింగు నేర్చుకుని ఒడ్డుకి వచ్చేశాడు. అల్యూమినియం మీద అతని చెయ్యి వాలితే, నాణేలు వరసగా పేర్చినట్టు అతుకు వస్తుంది. తమ్ముడూ అతనూ ఒకర్నొకరు బావా అనుకుంటారు. చుట్టరికం ఏమీ లేదు. ఈ ఊళ్ళో స్నేహానికి అదే వరస.

తిరిగొచ్చే రాకెట్టుని నాకు మొదట చూపించింది అతనే. మధ్యాహ్నం అన్నాల వేళ ఫోను పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"అక్కా, ఇది సూడు. పైనుంచి పడతన్నాది, సూత్తన్నావా? ఇప్పుడు సూడు."

ఒక పొడుగాటి గొట్టం ఆకాశంలోంచి పడిపోతోంది. ఉపగ్రహాన్ని పైకి సాగనంపి వస్తున్న రాకెట్టు కింది భాగం అట. నేల దగ్గరపడుతుంటే దాని అడుగున మంట వెలిగింది. మడిచి ఉన్న కాళ్ళు విచ్చుకున్నాయి. వేగం తగ్గుతూ, తగ్గుతూ, గీసిన వలయం మధ్యలో వచ్చి నిలబడింది. నా చేతిలో అన్నం ముద్ద అలాగే ఉండిపోయింది.

"దిగువకి ఏటకెల్లినప్పుడు మా నాన్నోళ్ళకి సెప్పీవోరక్కా, ఇయాల రాకెట్టు ఎగురుద్ది, ఆ పక్కకి ఎల్లొద్దని. కింద ముక్క సముద్రంలో పడిపోతాదంట. నానెప్పుడూ అనుకునీవోణ్ణి, ఒక్క ఏటకెల్లొచ్చి పడవని తగలెట్టుకుంటారేటి ఈళ్ళు అని."

"ఇప్పుడు తగలెట్టుకోవట్లేదుగా," అన్నాను.

"అదే కదా. ఎల్లింది ఎల్లినట్టే ఇంటికొచ్చీసింది."

ఆ రోజు నుంచి నాకు ఆ దృశ్యం మీద భక్తిలాంటిది కలిగింది. దాచుకోవడం ఎందుకు, భక్తే. పడేదాని వేగమంతా సరిగ్గా నేల తగిలే క్షణానికే అయిపోవాలి. కాస్త ముందు అయిపోతే గాలిలో ఆగి కూలుతుంది. కాస్త ఆలస్యమైతే గుద్దుకుంటుంది. ఆ లెక్క ఎవరో కూర్చుని కట్టారు, గొట్టానికి నేర్పారు, అది తనంతట తాను పాటించింది. స్వామి మనిషికి బుద్ధి ఇచ్చింది ఇలాంటి పనులకే అనిపించింది. శనివారం భజన అయ్యాక మందిరంలో అందరికీ ఆ వీడియో చూపించాను. ఒక ముసలామె కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ వెయ్యమని అడిగి, నాలుగుసార్లు చూసింది.

ఈ విద్య మన దేశం ఇంకా నేర్చుకుంటోంది. నేర్చుకుంటున్నవాళ్ళలో వేరే నగరంలోని ఒక చిన్న కంపెనీ ఉంది. పెద్ద రాకెట్టు కట్టే ముందు వాళ్ళు ఒక నమూనా కడుతున్నారు. అది కొద్ది ఎత్తుకి లేచి, గాలిలో కాసేపు నిలిచి, తన కాళ్ళమీద దిగాలి. ఆ కాళ్ళు చెయ్యగల షాపు కోసం తిరుగుతూ వాళ్ళ ఇంజనీరమ్మాయి మా షెడ్డుకి వచ్చింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. మా భీమిలి మనిషి చేత అతుకులు వేయించుకుని, చల్లారాక వాటిని రంపంతో అడ్డంగా కోయించింది.

"నా అతుకు కోసీసిన మొదటి మనిసివమ్మా నువ్వు," అన్నాడతను చిన్నబోయి.

"కోస్తేనే కదన్నా మీ చెయ్యి ఎంత మంచిదో తెలిసేది," అందా పిల్ల. కోసిన చోటు భూతద్దంలో చూసి, డ్రాయింగులు బల్లమీద పరిచింది.

ఒక్కో కాలు మనిషెత్తు ఉంటుంది. అల్యూమినియం గొట్టం, చివర వెడల్పాటి పాదం. గొట్టం లోపల తేనెపట్టులాంటి దిమ్మ ఉంటుంది. నేల తగిలినప్పుడు అది నలిగి దెబ్బని తాను తీసుకుంటుంది. దిమ్మని ప్రతిసారీ మారుస్తారు. కాలు మాత్రం మళ్ళీ మళ్ళీ ఎగరాలి. పని మొదలయ్యే రోజున ఆ అమ్మాయి తమ్ముడితో స్పష్టంగా చెప్పింది. ఈ కాళ్ళు ఒకసారి దిగి, పరీక్షలో నెగ్గి, రెండోసారి కూడా ఎగిరితే పెద్ద రాకెట్టు కాళ్ళు మా షెడ్డుకే ఇస్తారు. తమ్ముడు ఆ మాట మీదే రోజులు గడిపాడు. పోర్టు పనులు పెద్ద షాపులకి వెళ్ళిపోతున్న కాలం అది.

"ఇదొక్కటీ అయితే ఇంక నిచ్చెనలు చేసుకుంటూ కూర్చోనక్కర్లేదక్కా," అనేవాడు.

ఎగిరే రోజున షెడ్డులో మిషన్లన్నీ ఆపేసి ఫోను ముందు చేరాం. నమూనా లేచింది. కాసేపు గాలిలో వేలాడింది. దిగేటప్పుడు కొంచెం వాలి, ఒక కాలు ముందుగా నేలని తాకింది. దుమ్ము రేగి ఏమీ కనపడలేదు. దుమ్ము తగ్గాక చూస్తే నిలబడి ఉంది. మా భీమిలి మనిషి ఉన్నచోటే నేలమీద కూర్చుండిపోయాడు. తమ్ముడు అతని భుజం మీద చెయ్యి వేసి, "ఏటి బావా, కాళ్ళు నీవా దానివా," అన్నాడు. అందరూ నవ్వారు.

మూడో రోజు మధ్యాహ్నం కాళ్ళు లారీలో పెద్ద చెక్కపెట్టెలో వచ్చాయి. రేపు ఉదయం వస్తాననీ, అప్పటిదాకా ఏ బోల్టూ విప్పొద్దనీ ఇంజనీరమ్మాయి ఫోనులో చెప్పింది. తమ్ముడు పోర్టుకి వెళ్ళాడు. వచ్చిన సరుకు కాగితంతో సరిచూడటం నా పని కాబట్టి మూత తీయించాను.

మేము పంపినప్పుడు వెండిలా మెరిసిన కాళ్ళు నల్లగా మసి పట్టి, అక్కడక్కడ గోధుమరంగుకి తిరిగి ఉన్నాయి. పాదాలకి ఎక్కడిదో ఎర్రమట్టి. వెల్డింగు చేసినాయన వంగి, ముందుగా నేలని తాకిన కాలుని రెండు చేతులతో ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

"అక్కా, మా ఇంట్లో కొత్త పడవ మొదటిసారి ఏటకెల్లి సేమంగా ఒచ్చిందనుకో, మాయమ్మ ఊరుకోదు. ముందు బాగం కడిగి, నూనె రాసి, పసుపెట్టి, బొట్టెట్టి, అప్పుడే సేపలు దింపనిచ్చేది. పడవంతా అక్కర్నేదు. ముందు సముద్రాన్ని తాకింది ఏదో దానికే."

"అయితే ఇదే కదా ముందు తాకింది," అన్నాను నేను.

అతను అడిగింది కాదు. నేను పూనుకున్నదే. ప్రమాదంలోంచి తిరిగొచ్చిన దాన్ని మసితో వదిలెయ్యడం నాకు చేతకాలేదు. ప్రతి శనివారం స్వామి పంచలోహ మూర్తికి నువ్వులనూనె రాసి, పసుపునీళ్ళతో తోమి, అభిషేకం చేసే చేతులు ఇవి. బోల్టు ఒక్కటీ కదపలేదు. ఆ కాలుని బల్లమీద పెట్టించి, మెత్తటి గుడ్డతో మసంతా కడిగాను. నూనె పట్టించి, అతుకుల సందుల్లో కూడా వేలితో పసుపు మెదిపి, కుంకుమ పెట్టాను. అతను కర్పూరం వెలిగించాడు. మిగిలిన మూడూ పెట్టెలోనే ఉన్నాయి. సాయంత్రం బయటి వెలుతురులో ఆ కాలు పెళ్ళికూతురిలా ఉంది. ఆ పూట నాకు కలిగిన తృప్తి అబద్ధం కాదు.

తెల్లారి తమ్ముడు వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

"ఇదేంటే అక్కా. వాళ్ళు చూస్తే మనల్ని ఏ కాలం వాళ్ళనుకుంటారు?"

గబగబా థిన్నరు తెచ్చి పసుపూ కుంకుమా తుడిచేశాడు. అప్పటికి మా ఇద్దరికీ అది పరువు సంగతే తప్ప మరొకటి అనిపించలేదు.

ఇంజనీరమ్మాయి రాగానే కాళ్ళని ఫోటోలు తీయడం మొదలుపెట్టింది. నేను కడిగిన కాలు దగ్గర ఆగింది.

"దీని మసి ఏదండీ?"

"దారిలో వాన పడింది మేడమ్," అన్నాడు తమ్ముడు. "పెట్టెలోకి నీళ్ళు దిగుంటాయి."

ఆమె కెమెరా దించింది. "మసి ఎక్కడ ఎంత పట్టిందో చూస్తే వేడి ఎటు తిరిగిందో తెలిసేది. సరే, మూడు ఉన్నాయి కదా." పెట్టె అడుగుని ఒకసారి చూసింది. అది పొడిగానే ఉంది. తన పుస్తకంలో ఏదో రాసుకుంది.

తర్వాత పగుళ్ళ పరీక్ష. అది నేనెన్నోసార్లు చూసిందే కానీ ఎవరినీ అడిగి తెలుసుకోలేదు. తను తెచ్చుకున్న ద్రావకంతో కాళ్ళన్నీ తుడిచి, అతుకుల మీద ఎర్రటి ద్రవం చల్లి, ఆరనివ్వకుండా కాసేపు ఉంచాలి. ఆ కాసేపట్లో ఆమె నా పక్కన స్టూలు మీద కూర్చుంది. ఎందుకు ఆగాలని అడిగాను.

"పగులు ఎంత సన్నదైనా సరే ఆంటీ, అందులో ఖాళీ ఉంటే ఈ ఎరుపు దూరి కూర్చుంటుంది. పైన తుడిచేసి తెల్లటి పొడి చల్లితే లోపలున్నది మళ్ళీ బయటికి వస్తుంది. ఎర్రటి గీత కనబడుతుంది. తిరిగొచ్చే రాకెట్టులో గొప్పతనం దిగడంలో లేదు. దిగాక దాన్ని అడగాలి, ఎక్కడ నొప్పి అని. అది చెప్పేది మనం వినగలగాలి."

ఖాళీ ఉంటే, అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. నిన్న సాయంత్రం అదే సందుల్లోకి నేను నూనె పట్టించాను. పసుపు మెదిపాను. పైపైన తుడిచిన థిన్నరు లోపలిదాకా పోయి ఉండదు. పగులంటూ ఉంటే, అందులో ఎరుపుకి చోటు లేదు.

తెల్ల పొడి ఆరింది. నాలుగు కాళ్ళ మీదా ఒక్క గీత లేదు. తమ్ముడి ముఖం విప్పారింది. మా వెల్డరు చెమట తుడుచుకున్నాడు. ఆమె సంతోషంగా కాగితం తీసి వివరాలు నింపి, రికార్డులు చూసేది నేను కాబట్టి నా ముందుకి తోసింది. పరీక్షకి ముందు ఈ భాగాల మీద ఏమైనా పూశారా, తుడిచారా అన్న ప్రశ్న ఉంది. దాని పక్కన గడి. కింద నా సంతకానికి చోటు.

తమ్ముడు నా వెనక నుంచి మెల్లగా అన్నాడు. "పెట్టెయ్యవే అక్కా. గీత రాలేదుగా."

మా నాన్న ఒకసారి పారాయణలో ఒక శ్లోకం దాటేశారు. వింటున్నవాళ్ళెవరికీ తెలియలేదు, నాకు కూడా. పేజీన్నర చదివాక ఆయనే ఆపి, "ఒకటి వదిలేశాను, క్షమించాలి," అని సభకంతటికీ చెప్పి, వెనక్కి వెళ్ళి అక్కడి నుంచి మళ్ళీ చదివారు. హారతికి ఆలస్యమైంది. పిల్లలు ఏడ్చారు. కొందరు లేచి వెళ్ళిపోయారు. ఆయన తొందరపడలేదు. మధ్యలో తెగిన పారాయణకి హారతి ఇవ్వకూడదని మా నియమం.

కలం బల్లమీద పెట్టాను.

"అమ్మా, వాన కాదు. నేను కడిగాను. కడిగి నూనె రాశాను. పసుపు కూడా."

షెడ్డులో గ్రైండరు ఒకటి తిరుగుతోంది. ఎవరో దాన్ని ఆపారు.

"ఏ నూనె ఆంటీ?"

"నువ్వులనూనె."

"ఎంతసేపు ఉంది?"

"రాత్రంతా."

ఆమె నన్ను కోప్పడుతుందనుకున్నాను. నిండిన కాగితాన్ని మధ్యకి చింపి, కొత్తది తీసింది. "ఓవెన్ ఎక్కడైనా ఉందా?" అని మాత్రం అడిగింది.

పక్క షెడ్డులో రంగు కాల్చే ఓవెన్ ఉంది. ఆమె చెప్పినంత తక్కువ వేడిలో ఆ కాలుని ఉంచి, తీసి, ద్రావకంతో కడిగి, మళ్ళీ ఉంచి, మళ్ళీ కడిగాం. గుడ్డకి పసుపు అంటడం మానేసేసరికి సాయంత్రం అయింది. అప్పుడు ఎరుపు చల్లింది. ఆగింది. తుడిచింది. తెల్ల పొడి చల్లింది.

మొదట ఏమీ లేదు. తర్వాత పాదం పైన ఉన్న అతుకు అంచున, గోరంత పొడవున, సన్నగా ఎర్రటి గీత తేలింది. మేము చూస్తుండగానే కాస్త చిక్కబడింది.

"నా అతుకే," అన్నాడు భీమిలి మనిషి.

"అతుకు బాగానే ఉందన్నా. దాని పక్కన లోహం అలసిపోయింది. అక్కడ మందం చాల్లేదు. తప్పు డ్రాయింగుది, అంటే నాది."

"రెండోసారి దిగితే ఇరిగిపోయీదా?"

"విరిగేదో కాదో నేను చెప్పలేను. విరగదని మాత్రం సంతకం పెట్టలేను."

ఇంటికి వెళ్తూ, కారు స్టీల్‌ప్లాంట్ గేటు దాటాక తమ్ముడు అన్నాడు.

"నువ్వు చెప్పుకోవాల్సింది నీ స్వామికే అక్కా. ఆ అమ్మాయికి చెప్పావు."

"స్వామికి ముందే తెలుసురా. తెలియనిది ఆ అమ్మాయికే."

ఆ తర్వాత వారం రోజులు వాడు షెడ్డులో నాతో పనికి సంబంధించిన మాటలు తప్ప ఆడలేదు. వాడి కోపం అన్యాయం అనను. పదిమంది జీతాలు వాడి నెత్తిన ఉన్నాయి. పసుపు రాసింది వాడు కాదు. రిపోర్టులో ఆ అమ్మాయి నూనె సంగతి, పసుపు సంగతి, వాన అని చెప్పిన సంగతి కూడా ఉన్నదున్నట్టు రాసింది. పగిలిన కాలుని కోసి చూసి, ఆ చోట మందం పెంచి కొత్త డ్రాయింగు పంపారు. ముందు తాకిన కాలుకే దెబ్బంతా పడిందని లెక్క కట్టి, మిగిలిన మూడూ అలాగే ఎగరొచ్చన్నారు. కొత్త కాలు మమ్మల్నే చెయ్యమన్నారు. పెద్ద రాకెట్టు సంగతి మాత్రం మారింది. రెండు కాళ్ళు మాకు, రెండు వేరే ఊరి షాపుకి. అదైనా పాత మూడు కాళ్ళూ రెండోసారి దిగి నెగ్గితేనే. ఆ ఉత్తరం చదివి తమ్ముడు మడిచి జేబులో పెట్టుకున్నాడు. సగం నా వల్ల పోయిందని నాకు తెలుసు. ఆ సగం గురించి ఇప్పటికీ బాధ ఉంది. చెప్పినందుకు లేదు. కడిగినందుకు ఉంది.

రెండోసారి ఎగరడం కూడా అందరం కలిసే చూశాం. ఈసారి వాలకుండా, నాలుగు కాళ్ళూ ఒక్కసారే తాకాయి. ఒకసారి పైకి వెళ్ళొచ్చిన లోహం మళ్ళీ వెళ్ళి మళ్ళీ రావడం చూస్తూ నేను చేతులు జోడించాను. నా కళ్ళ ముందు తయారైన వస్తువు అది.

పెట్టె వచ్చిన రోజున మా భజన మందిరం ఆడవాళ్ళు ఐదుగురు పళ్ళెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పట్టుకుని షెడ్డుకి వచ్చారు. నేను గుమ్మంలోనే ఆపాను.

"ఏటమ్మా ఇది? సోమికే సేత్తాం అబిసేకం. దీనికి సేత్తే మైలపడిపోద్దేటి?" అంది ఒకామె.

"అది ఇంకా చెప్పాల్సింది చెప్పలేదు. చెప్పనివ్వండి."

"ఇనుము మాటాడతాదేటి?"

"ఇనుము కాదొదినా, అల్యూమినియం," అన్నాడు మా వెల్డరు లోపల్నుంచి. "మాటాడతాది. నాకొకసారి గట్టిగానే సెప్పింది."

వాళ్ళు నవ్వుకుంటూ బయట చెక్క బెంచీ మీద కూర్చున్నారు. పరీక్ష అయ్యేదాకా కదల్లేదు. ఇంజనీరమ్మాయి మసినంతటినీ ఫోటోలు తీసి, కొలిచి, అప్పుడు తుడిచింది. ఎరుపు చల్లింది. తెల్ల పొడి ఆరేదాకా తమ్ముడు షెడ్డులో అటూ ఇటూ తిరిగాడు. చివరికి ఆమె చేతి దీపం పట్టుకుని ఒక్కో అతుకూ చుట్టూ చూసి, నాలుగో కాలు దగ్గర నడుం నిటారు చేసింది.

"మళ్ళీ ఎగరొచ్చు," అంది.

కాగితం నా ముందుకి వచ్చింది. ఈసారి ప్రశ్న తమ్ముడే పైకి చదివాడు. "పరీక్షకి ముందు ఏమైనా పూశారా?"

"సెయ్యి కూడా ఎయ్యనేదు బావా. దూరం నుంచే దండమెట్టినాం."

నేను సంతకం పెట్టాను. సాయంత్రం పెట్టె మళ్ళీ లారీ ఎక్కింది. అప్పుడు ఆడవాళ్ళు లేచి, లారీ ముందు చక్రానికి బొట్టు పెట్టి, రోడ్డుమీద కొబ్బరికాయ కొట్టారు. నీళ్ళు చిందినప్పుడు ఒక్క చుక్క కూడా పెట్టె మీద పడకుండా మా తమ్ముడు రెండు చేతులూ చాచి అడ్డంగా నిలబడ్డాడు. చొక్కా తడిసింది. తుడుచుకోబోయి ఆగి, నా వైపు చూసి, "ప్రసాదం ఏదే అక్కా," అన్నాడు.